గోడను కాదు.. దారాన్ని నమ్మాలి!

* పాతిళ్లలో టైల్స్ పనికి తొలిపూటే అసలు పరీక్ష
* గడప దగ్గర లెక్క తప్పితే ఇల్లంతా తప్పినట్టే

బళ్లారి: పొద్దున తొమ్మిదింటికి వచ్చిన మేస్త్రీ పన్నెండైనా ఒక్క టైలు అతికించలేదు. దారం కడతాడు, విప్పుతాడు. టేపు పట్టి కొలుస్తాడు. సుద్దముక్కతో నేల మీద గీత గీస్తాడు, మళ్లీ తుడిపేస్తాడు. కౌల్‌బజార్‌లోని ఆ ఇంటావిడకు ఓపిక నశించింది. ‘‘ఏమప్పా, కూలి రోజు లెక్క గదా. ఒక్క బండన్నా పడలేదే?’’ అని అడిగేసింది. ‘‘ఈ పూటకు ఓర్చుకో అమ్మా. ఇప్పుడు తొందరపడితే ఇరవై ఏండ్లు చూసి బాధపడాల’’ అన్నాడు రాయదుర్గం నుంచి వచ్చిన ఆ మేస్త్రీ.

ఆమె తొందరకు కారణం ఉంది. కొడుకు పెళ్లి దగ్గర పడింది. కొత్త కోడలు బియ్యం చెంబు తన్ని ఈ గడప దాటే లోపల నేల సిద్ధం కావాలి. మిషను కుట్టి దాచుకున్న డబ్బు ఒక్కసారికే సరిపోతుంది. పైగా పక్కింట్లో జరిగింది ఆమె కళ్లారా చూసింది. అక్కడ గోడ వారనే మొదలుపెట్టి చకచకా పరుచుకుంటూ పోయారు. చివరికి తలుపు పక్కన కత్తి మొనలాంటి సన్న ముక్కలు మిగిలాయి. వచ్చిన చుట్టాలందరి చూపూ ముందు అక్కడికే పోతుంది.

షాబాదు బండ దాచిన వంకర

ఊళ్లోని పాతిళ్లు చాలావరకు రాయీ మట్టీ కలిపి కట్టినవి. గోడలు మందం. సున్నం మీద సున్నం పడి ఒకచోట ఉబ్బుతాయి, మరోచోట లోపలికి పోతాయి. ఇన్నాళ్లూ ఆ సంగతి బయటపడలేదు. షాబాదు బండలు, బేతంచర్ల బండలు, కడప బండలు వేసేటప్పుడు వాటిని అక్కడికక్కడే చెక్కి సర్దేవారు. సందులూ వెడల్పే. గోడ వంకర ఆ సందుల్లో కలిసిపోయేది. ఇప్పటి విట్రిఫైడ్ టైల్స్‌కు ఆ వెసులుబాటు లేదు. అన్నీ ఒకే కొలత, సందు రెండు మిల్లీమీటర్లు. గోడ ఎక్కడ వంకరపోయిందో గీత గీసినట్టు చూపిస్తాయి.

ఈ ఇంటి ముందుగది పొడవు 15 అడుగులు. వెడల్పు వీధి వైపు 10 అడుగుల 2 అంగుళాలు, వంటింటి వైపు సరిగ్గా 10 అడుగులు. ఎడమ గోడ తిన్నగానే ఉంది, కుడి గోడే క్రాసు. ‘రెండడుగుల టైలు’ అని కొనేది నిజానికి 600 మిల్లీమీటర్లు. అంటే రెండడుగులకు దాదాపు సెంటీమీటరు తక్కువ. ఎడమ గోడ నుంచి మొదలుపెడితే సందులతో కలిపి ఐదు టైల్స్‌కు 9 అడుగుల పదిన్నర అంగుళాలు పోతాయి. కుడి గోడ వార మిగిలేది వీధి వైపు మూడున్నర అంగుళాలు, వంటింటి వైపు ఒకటిన్నర. పక్కింటి కథే మళ్లీ!

ఐదు కాదు, నాలుగే

మేస్త్రీ గోడను వదిలేశాడు. వీధి గడప నడిమి నుంచి వంటింటి గడప నడిమికి దారం లాగాడు. ఇంట్లోకి వచ్చినవాళ్ల చూపు నడిచే దారి అదే. ఆ దారానికి అడ్డంగా రెండో దారం కట్టాడు. ఒకదాని మీద మూడడుగులు, రెండోదాని మీద నాలుగడుగులు గుర్తుపెట్టాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదడుగులు వస్తేనే మూల కుదిరినట్టు. తర్వాత మూలమట్టం పెట్టి మళ్లీ చూసుకున్నాడు. కన్నడ కూలీ దాన్ని ‘మూలెమట్ట’ అంటాడు. పేరెలా పలికినా పని ఒక్కటే.

దారానికి అటు రెండు, ఇటు రెండు.. అడ్డంగా నాలుగే నిండు టైల్స్. అప్పుడు ఎడమ గోడ వార 13 అంగుళాల ముక్క వస్తుంది. కుడి వైపు 14 నుంచి 12 అంగుళాలకు తగ్గుతూ పోతుంది. వంకర అదే రెండంగుళాలు, ఎక్కడికీ పోలేదు. కానీ మూడున్నర ఒకటిన్నరకు తగ్గితే కంటికి కొడుతుంది. 14 పన్నెండుకు తగ్గితే ఎవరికీ పట్టదు. పొడవు వైపు వీధి గడపను ఆనుకుని నిండు టైలు. ఏడు వరసలు పోగా మిగిలే 14 అంగుళాల ముక్కలు వంటింటి గోడ వార.

గడప కదలకూడదు

పాత బండల మీదే మాలు పోసి టైల్స్ వేస్తే ఖర్చు తగ్గేది. అయితే నేల రెండంగుళాలు లేచి, గడప ఆ మేరకు పూడిపోతుంది. తలుపుల అడుగూ కోయాలి. ‘‘మా అత్త పసుపు పెట్టిన గడప. అది కనపడకపోతే నాకీ టైల్సే వద్దు’’ అందామె. అందుకే బండలు లేపించారు.

ఇక పెట్టెల లెక్క. చదరపు అడుగులు చూసి దుకాణంలో 10 పెట్టెలు, విరుగుళ్లకు ఇంకొకటి ఇచ్చారు. పెట్టెకు నాలుగు చొప్పున 44 టైల్స్. మేస్త్రీ లెక్కకు 48 కావాలి. ‘‘నీ గీతలతో ఖర్చు పెంచితివే’’ అని ఆమె నిష్ఠూరమాడింది. ఆయన నేల మీదే లెక్క రాసి చూపించాడు. గోడ నుంచి మొదలుపెడితే నేలకు 42, నాలుగంగుళాల స్కర్టింగ్‌కు మరో ఐదు.. మొత్తం 47. తన పద్ధతిలో నేలకు 48, కోయగా మిగిలిన ముక్కల్లోంచే స్కర్టింగ్ వచ్చేస్తుంది. తేడా ఒక్క టైలే! విరుగుళ్లు కలిపి ఎలాగైనా 13 పెట్టెలు తప్పవు.

సాయంత్రానికి సిమెంటు లేకుండానే గడప నుంచి గడపకు ఒక వరస, అడ్డంగా ఒక వరస పేర్చి చూపించాడు. ఆమె వీధి గడప దగ్గర నిలబడింది. సందు గీత తిన్నగా వంటింటి గడప నడిమికి పోయి ఆగింది. కాసేపు అలాగే చూసి, ‘‘రేపు మాలు కలుపు నాయనా. ఆ రెండు పెట్టెలూ తెప్పిస్తా’’ అంది.

టైల్స్ వేయిస్తున్నారా?

* గది వెడల్పు రెండు కొసలా, నడుమా.. మూడుచోట్ల కొలవండి. లెక్క తేలాకే టైల్స్ కొనండి.
* గోడ వార ముక్క సగం టైలుకు తగ్గేలా ఉంటే ఒక నిండు వరస తగ్గించి, మిగిలిన జాగాను రెండు పక్కలకూ పంచండి.
* గడప లేని తలుపైతే రెండు గదుల టైల్స్ కలిసే సందు మూసిన తలుపు కిందికి రావాలి.
* గోడకు టైలుకు మధ్య కొద్దిపాటి సందు వదలండి. స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది.
* పెట్టెల మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు అన్నింటికీ ఒకటేనా చూసుకోండి. తర్వాత తెచ్చేవాటికీ అవే అడగండి.