పేపర్‌లో వారసత్వ భూమి నోటీసు చూశారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

ఇబ్రహీంపట్నం, ఆదిబట్ల, మంగళ్‌పల్లి వైపు స్థలం వెతుకుతున్న వాళ్లకు కొందరు మధ్యవర్తులు ఒక చిట్కా చెబుతుంటారు. రోజూ పేపర్ లోపలి పేజీల్లో పబ్లిక్ నోటీసులు చూడండి, యజమాని చనిపోయిన భూములు తెలుస్తాయి, వారసులు తొందరగా అమ్మేస్తారు, ధర కూడా తగ్గుతుంది అని.

అమెరికాలో ఇది బాగా పాత పద్ధతి. అక్కడ చాలా ఆస్తులు ప్రొబేట్ కోర్టు మీదుగా వారసులకు చేరతాయి. ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ధ్రువీకరించడం. మన దేశంలో 1925 నాటి భారత వారసత్వ చట్టం 2025 వరకు దీన్ని తప్పనిసరిగా ఉంచింది ప్రధానంగా పాత కలకత్తా, మద్రాసు, బొంబాయి పరిధుల్లోనే. హైదరాబాద్ ప్రాంతం అందులో లేదు.

మరి ఇక్కడ పేపర్‌లో కనిపించేవి ఏమిటి?

ఎక్కువగా లాయర్ ఇచ్చే ప్రకటనలు. ఫలానా సర్వే నంబరు భూమిని మా క్లయింట్ కొంటున్నారు, అభ్యంతరాలుంటే 7 రోజుల్లో లేదా 15 రోజుల్లో చెప్పండి అని ఉంటుంది. అంటే అప్పటికే ఒకరు బేరం కుదుర్చుకున్నారన్నమాట. మీరు చూసేసరికే ఆలస్యమైంది!

ఇక కోర్టు పేరుతో వచ్చేవి. సక్సెషన్ సర్టిఫికెట్ కోసం వేసిన పిటిషన్ అయితే అది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావాల్సిన బాకీల కోసం. భూమికి పనికిరాదు. భాగపంపకాల దావా నోటీసు అయితే మాత్రం ఆగండి. కేసు నడుస్తుండగా కొంటే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం చివరి తీర్పుకు మీరూ కట్టుబడాల్సిందే.

సంతకం పెట్టాల్సింది ఎవరెవరు?

అసలు చిక్కు ఇక్కడే. హిందూ పురుషుడు వీలునామా రాయకుండా చనిపోతే ఆయన స్వార్జితంలో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి అందరికీ సమాన వాటా. ‘కట్నం ఇచ్చి పంపేశాం’ అనేది చట్టంలో సమాధానం కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లల హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే పెళ్లికాని వారికి ఇచ్చింది. 2005 సవరణ దాన్ని దేశమంతటా, పెళ్లయిన వారికీ వర్తింపజేసింది. వాటా వదులుకుంటే రిజిస్టర్డ్ విడుదల పత్రం ఉండాలి. అది చూపించమనండి.

ఒక్క వారసుడు తన వాటా బయటివారికి అమ్మబోతే, మిగతా వారసులకు ముందుగా కొనే హక్కు ఉంది. ఇది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

పాస్‌బుక్ ఒక్కరి పేరు మీదే ఉందా? ధరణి రోజుల్లో వారసత్వ మ్యుటేషన్‌కు ముందస్తు విచారణ ఉండేది కాదు. 2025 ఏప్రిల్ 14న మొదలైన భూ భారతిలో తహసీల్దార్ వారసులకు నోటీసులిచ్చి విచారించాలి. కాబట్టి మ్యుటేషన్ ఎప్పుడు జరిగిందో అడగండి. ఎప్పుడు జరిగినా, మ్యుటేషన్ ఒక్కటే యాజమాన్య హక్కు ఇవ్వదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి.

ఫోన్‌లోనే కొంత పని అవుతుంది. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ దొరుకుతుంది. ఈకోర్ట్స్ యాప్‌లో రంగారెడ్డి జిల్లా ఎంచుకుని చనిపోయిన యజమాని పేరు, ఒక్కో వారసుడి పేరు కొట్టి చూడండి. అసైన్డ్ భూమి అయితే వారసులకు సంక్రమిస్తుంది గానీ అమ్మకం నిషేధం. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ హద్దులు కూడా చూసుకోవాలి.

నోటీసులో ఉన్నది మీ నాన్న సర్వే నంబరే అయితే? 7 రోజులు దాటినంత మాత్రాన మీ వాటా పోదు. అయినా అదే రోజు ఆ లాయర్‌కు స్పీడ్ పోస్టులో అభ్యంతరం పంపి, రసీదు దాచుకోండి. సబ్‌రిజిస్ట్రార్‌కు అర్జీ ఇస్తే రిజిస్ట్రేషన్ ఆగిపోతుందని మాత్రం అనుకోవద్దు. సాధారణంగా దాన్ని ఆపేది కోర్టు ఉత్తర్వే.