పాఠశాల ఆక్యుపేషనల్ థెరపీ

పాఠశాల ఆక్యుపేషనల్ థెరపీ అనేది ఆక్యుపేషనల్ థెరపీలో ఒక శాఖ. దీనిని తెలుగులో వృత్తి చికిత్స అని కూడా అంటారు. ఇక్కడ వృత్తి అనగా ఉద్యోగం కాదు, మనిషి నిత్యం చేసుకొనే పనులు. బడి పిల్లల విషయంలో పెన్సిలు పట్టుకోవడం, అన్నం కలుపుకొని తినడం, బొత్తాలు పెట్టుకోవడం, బల్లపై కుదురుగా కూర్చోవడం మొదలైనవి ఇందులోకి వస్తాయి. ఫిజియోథెరపిస్టు ప్రధానంగా శరీర కదలికను మెరుగుపరుస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు బిడ్డ తన పని తాను చేసుకొనేలా చూస్తారు. పెన్సిలుకు గుడ్డ చుట్టి లావుగా చేయడం, కాళ్ళు ఆనేలా పీట వేయడం వంటి చిన్న మార్పులు కూడా ఈ చికిత్సలో భాగమే.

చరిత్ర

భారతదేశంలో 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్‌కర్ ఈ విద్యకు తొలి శిక్షణాలయాన్ని ప్రారంభించారు. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడినది. అమెరికాలో 1975 నాటి వికలాంగ బాలల విద్యాచట్టం ఈ సేవను బడులతో ముడిపెట్టినది.

చట్టాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యం గల 6–18 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆక్యుపేషనల్ థెరపీని గుర్తించినది.

కోనసీమలో

గోదావరి పాయల నడుమనున్న కోనసీమ 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా జిల్లా అయినది. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు సమగ్ర శిక్షా పథకం కింద మండల స్థాయి భవిత కేంద్రాలు పనిచేస్తాయి. వీటిలో ప్రధానంగా సహిత విద్య ఉపాధ్యాయులు, ఫిజియోథెరపిస్టులు సేవలందిస్తారు. రాజోలు, కొత్తపేట ప్రాంతాల లంక గ్రామాల నుండి నడవలేని బిడ్డను కేంద్రానికి తీసుకురావాలంటే తల్లి ఆనాటి కూలి వదులుకోవలసి రావచ్చు. చికిత్స చదివే బడిలోనే అందినచో ఆ నష్టం తప్పుతుంది, బిడ్డకు తరగతి కూడా పోదు.

విద్య, ఉపాధి

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవారు బి.ఓ.టి. పట్టా కోర్సులో చేరవచ్చు. తెలుగు ప్రాంతాలకు చేరువలో ఒడిషాలోని ఓలట్‌పూర్‌లో గల స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, తమిళనాడులోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఈ కోర్సును నిర్వహిస్తున్నాయి. పట్టా పొందినవారికి ఆసుపత్రులు, ప్రత్యేక పాఠశాలలు, శిశు వికాస కేంద్రాలలో ఉపాధి లభిస్తుంది. పిల్లల విభాగంలో పొందిన అనుభవం బడులలో పనిచేయుటకు ఉపకరిస్తుంది. ఫిజియోథెరపీ, ప్రత్యేక విద్య, ఆక్యుపేషనల్ థెరపీ మూడూ వేర్వేరు అర్హతలు. కావున ఉద్యోగ ప్రకటనలో ఏ పట్టా అడిగారో ముందుగా చూసుకొనవలెను.