పాత లాప్‌టాప్‌కు కొత్త డిస్క్: చిక్కు ఎక్కడ?

ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబైలోని లామింగ్టన్ రోడ్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగుళూరులోని ఎస్.పి.రోడ్, సికిందరాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్... పేర్లు వేరైనా దేశంలోని ఈ కంప్యూటర్ బజార్లన్నింటా కానవచ్చే దృశ్యం ఒకటుంది. ఎనిమిదేళ్లో పదేళ్లో వాడిన లాప్‌టాప్‌ను పట్టుకుని వచ్చే విద్యార్థి గానీ, చిరువ్యాపారి గానీ, ట్యూషన్లు చెప్పుకొనే ఉపాధ్యాయుడు గానీ దుకాణదారును కోరేది ఒక్కటే: దీనికి ఎస్.ఎస్.డి. వేసి వేగం పెంచమని. కొత్త యంత్రానికి ముప్పై, నలభై వేల రూపాయలు వెచ్చించలేని కుటుంబాలకు ఈ మరమ్మతు పెద్ద ఊరటే. కానీ డిస్క్ మార్చిన తరువాత యంత్రం మొరాయిస్తే, కొత్త డిస్క్ పాడైనదని కొనుగోలుదారు, మదర్‌బోర్డు పోయిందని దుకాణదారు వాదులాడుకోవడం, చివరకు నిక్షేపంలాంటి యంత్రం తుక్కు కింద జమ కావడం కూడా ఆ బజార్లలో అరుదేమీ కాదు.

ఎస్.ఎస్.డి.గా వ్యవహరించే సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లో తిరిగే భాగాలేవీ ఉండవు. పాత లాప్‌టాప్‌లలోని హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. కోరిన సమాచారం ఉన్న చోటికి దాని ముల్లు చేరుకోవడానికి ప్రతిసారీ పది మిల్లీ సెకన్లకు పైగా పడుతుంది. చిప్‌ల మీద సమాచారాన్ని భద్రపరిచే ఎస్.ఎస్.డి.కి అదే పని మిల్లీ సెకనులో పదో వంతు మాత్రమే. పాత యంత్రం మందగించడానికి ప్రాసెసర్ కన్నా ఈ నిరీక్షణే ఎక్కువ సందర్భాలలో కారణం. 2023లో 240 జి.బి. ఎస్.ఎస్.డి. రెండు వేల రూపాయల లోపే లభించడంతో ఈ మార్పిడి దేశమంతటా ఊపందుకుంది. కాగా 2025 చివరికి కృత్రిమ మేధకు ఉద్దేశించిన డేటా సెంటర్ల గిరాకీ వల్ల ప్రపంచమంతటా మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి. ఈ చిప్‌ల తయారీ శామ్‌సంగ్, ఎస్.కె.హైనిక్స్, కియోక్సియా, మైక్రాన్, శాన్‌డిస్క్ వంటి కొద్ది సంస్థల చేతిలోనే ఉంది. గుజరాత్‌లోని సనంద్‌లో మైక్రాన్ 2023లో ప్రకటించిన కర్మాగారం సైతం చిప్‌లను పరీక్షించి, ప్యాకింగ్ చేయడానికి ఉద్దేశించినదే. కనుక పొరపాటున కొన్న డిస్క్ వల్ల కలిగే నష్టం మునుపటి కన్నా బరువైనదే.

మొదటి ప్రశ్న

యంత్రం పనిచేయనప్పుడు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒక్కటే. లాప్‌టాప్‌ను ఆన్ చేయగానే ఎఫ్2 గానీ, ఎఫ్10 గానీ, డిలీట్ గానీ నొక్కితే తెరుచుకునే బయోస్ పట్టికలో కొత్త డిస్క్ పేరు కనిపిస్తున్నదా, లేదా? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం వెతకకుండానే విండోస్‌ను రెండు మూడుసార్లు ఎక్కించి చూసే అలవాటు వల్ల పుణ్యకాలం కాస్తా గడిచిపోతున్నది.

పేరు కనిపించకపోతే చిక్కు డిస్క్ అమరికలోనే ఉందని భావించవచ్చు. ఎస్.ఎస్.డి.లన్నీ ఒకే రకమైనవి కావు. రెండున్నర అంగుళాల సాటా డిస్క్ పాత హార్డ్ డిస్క్ స్థానంలో నేరుగా అమరుతుంది. చూయింగ్ గమ్ బిళ్ల ఆకారంలో ఉండే ఎమ్.2 రకంతోనే తంటా అంతా. వీటిలో సాటా పద్ధతిన పనిచేసేవి కొన్ని, ఎన్.వి.ఎమ్.ఇ. పద్ధతిన పనిచేసేవి మరికొన్ని. చూపునకు రెండూ కవలలే. 2014, 2015 ప్రాంతాలలో వచ్చిన అనేక లాప్‌టాప్‌లలోని ఎమ్.2 గూడు సాటా రకాన్ని మాత్రమే స్వీకరిస్తుంది. అందులో ఎన్.వి.ఎమ్.ఇ. బిళ్లను అమర్చినా బయోస్‌కు అది కానరాదు. ఇక్కడ ఎవరి లోపమూ లేదు, కొనుగోలులోనే పొరపాటు. లెనోవో, డెల్, హెచ్.పి. సంస్థలు తమ మోడళ్ల మరమ్మతు పుస్తకాలను ఉచితంగానే అందుబాటులో ఉంచాయి. కొనడానికి ముందు పది నిమిషాలు వెచ్చించి ఆ పుస్తకం చూస్తే ఈ పొరపాటు జరగదు.

మందం కూడా ముఖ్యమే. పాత హార్డ్ డిస్క్‌లు చాలా వరకు 9.5 మిల్లీమీటర్లవి కాగా, ఎస్.ఎస్.డి.లు 7 మిల్లీమీటర్లవి. తేడా భర్తీకి ప్లాస్టిక్ చట్రం పెట్టకపోతే డిస్క్ లోపల కదిలి, కొన్నాళ్లకు కనెక్షన్ ఊడుతుంది. మరికొన్ని మోడళ్లలో హార్డ్ డిస్క్‌ను మదర్‌బోర్డుతో కలిపే పలుచని కేబుల్ ఏళ్లు గడిచేకొద్దీ దెబ్బతింటుంది. 2012 నాటి 13 అంగుళాల మాక్‌బుక్ ప్రో ఇందుకు పేరుపడిన ఉదాహరణ. పాత డిస్క్‌తో ఎలాగో నెట్టుకొచ్చిన కేబుల్, కొత్త డిస్క్ వేగానికి తట్టుకోలేక చేతులెత్తేస్తుంది. నింద మాత్రం ఎస్.ఎస్.డి. మీద పడుతుంది. దీనిని తేల్చే పరీక్ష సులభమే. అదే డిస్క్‌ను యు.ఎస్.బి. పెట్టెలో బిగించి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు. అక్కడ సజావుగా పనిచేస్తే డిస్క్‌లో దోషం లేనట్లే.

కనిపించినా కదలకపోతే

బయోస్‌లో పేరు ఉన్నా విండోస్ తెరుచుకోకపోవడం రెండో రకం సమస్య. ఇక్కడ డిస్క్‌ను అనుమానించి ప్రయోజనం లేదు. పాత యంత్రాలు లెగసీ పద్ధతిన, కొత్తవి యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిన బూట్ అవుతాయి. మొదటిదానికి డిస్క్‌ను ఎమ్.బి.ఆర్. తరహాలో, రెండోదానికి జి.పి.టి. తరహాలో విభజించవలసి ఉంటుంది. ఒకదాని డిస్క్‌ను మరోదాని పద్ధతిన నడిపించబోతే నల్లని తెర తప్ప మరేమీ కనిపించదు. బయోస్‌లో సాటా విధానం రెయిడ్‌లో ఉండగా ఎక్కించిన విండోస్, దానిని ఎ.హెచ్.సి.ఐ.కి మార్చగానే నీలిరంగు తెరతో ఆగిపోవచ్చు. విండోస్‌ను ముందుగా సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా నిర్ణయించి, ఆపై బయోస్‌లో మార్పు చేసి, ఒకసారి సేఫ్ మోడ్‌లో నడిపితే సాధారణంగా ఈ గండం గడుస్తుంది.

పాత డిస్క్‌ను యథాతథంగా కొత్తదానిలోకి దించే క్లోనింగ్‌లోనూ ఆటంకాలు లేకపోలేదు. బూట్‌కు అవసరమైన చిన్న ఇ.ఎఫ్.ఐ. భాగాన్ని వదిలి, సి డ్రైవ్‌ను మాత్రమే నకలు తీయడం తరచుగా జరిగే పొరపాటు. పాత హార్డ్ డిస్క్‌లో చెడిన భాగాలుంటే నకలు మధ్యలోనే నిలిచిపోతుంది. అటువంటప్పుడు క్లోనింగ్ మాని, దస్తావేజులను, ఫోటోలను విడిగా తీసుకుని, విండోస్‌ను కొత్తగా ఎక్కించడమే మేలు. బిట్‌లాకర్ రక్షణ ఉన్న యంత్రమైతే 48 అంకెల రికవరీ కీని ముందే రాసిపెట్టుకోవాలి. తమ లాప్‌టాప్‌లో ఆ తాళం ఉన్నదన్న సంగతే ఎరుగని వారు అనేకులు. తాళం పడిన తరువాత కీ లేకపోతే అందులోని సమాచారం పోయినట్లే లెక్క.

డిస్క్ పనిచేస్తూనే ఆశించిన వేగం రాకపోతే అందుకూ కారణాలున్నాయి. 2010కి ముందటి ఇంటెల్ చిప్‌సెట్‌లు సెకనుకు 3 గిగాబిట్ల సాటాకే పరిమితం. 6 గిగాబిట్లు 2011 నుంచి వచ్చాయి. అయినా పాత రేటులో సైతం ఎస్.ఎస్.డి. హార్డ్ డిస్క్ కన్నా ఎన్నో రెట్లు మెరుగే కనుక ఈ అంకెలను చూసి బెంగపడనక్కరలేదు. బెంగపడవలసింది నకిలీల విషయంలో. ప్రముఖ కంపెనీ స్టికరు అంటించి, లోపల చిన్న మెమరీ కార్డు దాచి, 2 టి.బి. అని చూపేలా మాయచేసిన డిస్క్‌లు కారుచౌకగా అమ్ముడవుతున్నాయి. అసలు సామర్థ్యం దాటగానే పాత సమాచారం మీద కొత్తది రాసుకుపోవడం వాటి లక్షణం. కొన్న రోజే నిండా రాసి, తిరిగి చదివి సరిచూసే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి.

ఇదిలా ఉండగా, ఎస్.ఎస్.డి. తీర్చలేని కొరత మరొకటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు భద్రతా సవరణలను 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించారు. టి.పి.ఎమ్. 2.0తోపాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్‌ను విండోస్ 11 కోరుతుంది కనుక అంతకు పూర్వపు లాప్‌టాప్‌లకు ఎంత వేగవంతమైన డిస్క్ వేసినా ఆ అర్హత రాదు. అటువంటి వారికి లినక్స్ ఒక్కటే దీర్ఘకాలిక మార్గం. మెమరీ 2 జి.బి. ఉండి పెంచే వీలు లేని యంత్రాలకు, బోర్డు మీదే అతికిన ఇ.ఎమ్.ఎమ్.సి. నిల్వ తప్ప మరో గూడు లేని చౌక మోడళ్లకు ఈ ఖర్చు దండగే. దుకాణదారులు ఈ మాట చెప్పడం అరుదు.

మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో ఒక కమిటీని నియమించి, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్‌ను ప్రారంభించింది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఇ-వ్యర్థాల నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఇవన్నీ ఉత్పత్తిదారుల బాధ్యతను గుర్తుచేసేవే. బజారులో బల్లకు ఇవతల నిలబడిన వ్యక్తికి వీటివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేది స్వల్పం. తీసివేసిన పాత హార్డ్ డిస్క్ ఎవరిదన్న ప్రశ్న అతనికి అంతకన్నా ముఖ్యం. మార్పిడి ముగిసిన వెంటనే దానిని చెరిపివేయడం గానీ, ధరలో వంద రూపాయలు తగ్గుతాయని దుకాణంలో వదిలివేయడం గానీ తగదు. కొత్త యంత్రం కనీసం నెల రోజులు నిలకడగా నడిచేవరకు అందులోని పెళ్లి ఫోటోలకు, పిల్లల సర్టిఫికెట్లకు ఆధారం అదొక్కటే. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఎస్.ఎస్.డి.లో చెరిగిన ఫైలును తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం కాగా, హార్డ్ డిస్క్‌లో డిలీట్ నొక్కినంత మాత్రాన ఫైలు చెరగదు. దుకాణంలో వదిలిన డిస్క్ మరొకరి చేతికి చేరితే బ్యాంకు కాగితాల నకళ్లతో సహా అందులోనివన్నీ బయటపడవచ్చు. నాలుగు వందల రూపాయల లోపు యు.ఎస్.బి. పెట్టెలో దానిని బిగించి ఇంటికి తెచ్చుకోవచ్చు.