ఢిల్లీ లేఖ: పొగ పద్దులో చెల్లుకు చెల్లు

శీతకాలపు సమావేశాల నాళ్ళలో ఇండియా గేటు దూరం నుంచి కనిపిస్తున్నదా లేదా అన్నదే మా విలేఖరులకు ఆనాటి గాలికి కొలబద్ద. అది కనిపించని ఒక ఉదయాన మన ప్రాంతపు సభ్యుడొకరు నన్ను ఆపి, "ఏమండీ, ఒక కర్మాగారం పొగ తగ్గించుకుంటే, తగ్గినంత మేర మరొకరు వదలవచ్చునట! చట్టం దీనికెట్లా ఒప్పుకుంటుందండీ?" అని అడిగారు.

ప్రశ్న సమంజసమైనదే. ఈ పద్ధతికి పుట్టినిల్లు అమెరికా. అక్కడి 1970 నాటి స్వచ్ఛవాయు చట్టం దేశమంతటికీ గాలి ప్రమాణాలను నిర్ణయించి గడువు విధించింది. లాస్ ఏంజెలెస్ వంటి ప్రాంతాలు ఆ గడువులోగా ప్రమాణాన్ని అందుకోలేదు. చట్టాన్ని అక్షరాలా అమలు జరిపితే అక్కడ కొత్తగా పెద్ద కర్మాగారానికి తావు లేదు. పరిశ్రమను ఆపలేక, చట్టాన్ని విడవనూ లేక, పర్యావరణ పరిరక్షణ సంస్థ 1976లో ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. కొత్తగా వచ్చేవాడు తాను వదలబోయే దానికంటె ఎక్కువ కాలుష్యాన్ని ఆ ప్రాంతంలోనే మరొకచోట తగ్గించి చూపాలి. మరుసటి ఏడు కాంగ్రెసు దానిని చట్టంలో చేర్చింది. గాలి ఎంత చెడితే నిష్పత్తి అంత పెరుగుతుంది. ఓజోను విషయంలో అధమస్థితిలో ఉన్న ప్రాంతంలో వంద టన్నులకు సాధారణంగా నూట యాభై టన్నులు తగ్గాలి.

అసలు చిక్కు పద్దులో ఉన్నది. తగ్గింపు నిజమైనదై, శాశ్వతమైనదై, కొలతకు అందేదై ఉండాలి. చట్టం ఎట్లాగూ తగ్గించమన్న దానిని మళ్ళీ జమ రాసుకోరాదు. లాస్ ఏంజెలెస్ ప్రాంతపు వాయు మండలి మరొక అడుగు ముందుకు వేసింది. మూతపడిన కర్మాగారాల యజమానులు అడగని తగ్గింపులను తన ఖాతాలో జమ వేసుకొని, అందులో నుంచి చిన్న వ్యాపారాలకు, అత్యవసర ప్రజాసేవలకు ఖర్చు రాసింది. విడివిడిగా కాకున్నా మొత్తం మీద జాతీయ చట్టం కోరినంత తగ్గించామని కేంద్రానికి లెక్క చూపడం దాని వాదం. 2008లో అక్కడి న్యాయస్థానం పర్యావరణ సమీక్ష లోపించిందని ఆ నియమాలను నిలిపివేయగా అనుమతులు స్తంభించిపోయాయి. మరుసటి సంవత్సరం రాష్ట్ర శాసనసభ చట్టం చేసి గాని దారి తెరవలేదు. ఎన్నడో మూతపడిన పొగగొట్టం పేరుతో నేడు పక్కవీధిలో పొగ వదిలితే, ఆ వీధివాసులకు మొత్తం లెక్కతో ఒరిగేదేమిటి? వారి ఊపిరి ఆ వీధిలోనే గదా!

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్న ప్రయోగం సూరత్‌లో 2019లో మొదలైంది. బొగ్గు, లిగ్నైటు మండించే 317 కర్మాగారాలలో, ప్రధానంగా బట్టల మిల్లులలో, ధూళికణాలను నిరంతరం కొలిచే యంత్రాలు అమర్చి, చీటీ వేసి 162 మిల్లులను బజారులోకి దించారు. ఊరు మొత్తానికి బరువు రూపంలో పరిమితి పెట్టి, పర్మిట్లలో ఎనభై శాతం ఉచితంగా పంచి, మిగతావి వేలం వేశారు. ముందే ధరావతు కట్టించుకున్నారు. ఫలితాన్ని పరిశీలించిన అర్థశాస్త్రవేత్తలు ధూళి ఇరవై నుంచి ముప్ఫై శాతం తగ్గినట్లు, మిల్లులు దాదాపు అన్నీ పర్మిట్ల నియమాన్ని పాటించినట్లు తేల్చారు. పాత పద్ధతిలో ఉండిపోయిన మిల్లులు మాత్రం కనీసం మూడో వంతు కాలం ప్రమాణాన్ని ఉల్లంఘించాయి.

ఇంతమాత్రాన ఉత్సాహపడరాదని నా అభిప్రాయం. సూరత్‌లో ముందు వచ్చింది కొలత, తరువాత బేరం. మన 1981 నాటి వాయు చట్టం కింద ప్రమాణాలు ఒక్కొక్క పొగగొట్టంలో సాంద్రత ఎంత అని అడుగుతాయి గాని ఊరి ఆకాశంలోకి మొత్తం ఎంత పోయిందని అడగవు. 2010లో దేశంలో 43 పారిశ్రామిక ప్రాంతాలలో కొత్త అనుమతులను కేంద్రం నిలిపివేసినప్పుడు విశాఖపట్నమూ ఆ జాబితాకెక్కింది. 1976లో అమెరికాకు ఎదురైన చిక్కే అది. మనవారు చెల్లుబెట్టే మార్గం వెతకలేదు, కార్యాచరణ ప్రణాళికలు రాయించుకొని నిషేధం ఎత్తివేశారు.

మరునాడు ఆ సభ్యునికి ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, "సరే గానండి, విశాఖలో ఆ పద్దు రాసే గుమాస్తా ఎవరి మనిషి?" అన్నారు. అంతలో కోరం గంట మోగింది.