ఎత్తు మడులు

ఎడతెరపి లేని వానలు కురిసిన మూడవనాడు నల్లరేగడి పెరటిలోని వంగమొక్కలను చూచినచో ఒక వింత కానవచ్చును. మొదట నీరు నిలిచియుండును. ఆకులు మాత్రము నీరు లేనట్లు వాడి వ్రేలాడుచుండును. నీరు చాలలేదని తలచి మరి రెండు చెంబులు పోయువారును కలరు! నిజమునకు ఆ మొక్క ఊపిరాడక చచ్చుచున్నది. వేరులకును ప్రాణవాయువు కావలెను. మట్టి రేణువుల నడుమ సందులన్నియు నీటితో నిండినప్పుడు గాలికి చోటుండదు; వేరులు కుళ్లనారంభించును. కుళ్లిన వేరు తన చుట్టునున్న నీటిని సైతము ఆకులకు అందింపజాలదు.

ఈ ముప్పును తప్పించుటకే మన రైతులు మిరప, వంగ నారును ఎత్తు మడులలో పోయుదురు. ఆ యుపాయమే పెరటి కూరగాయలకును చెల్లును.

మడి వెడల్పు ఒక మీటరునకు మించరాదు. ఇరువైపుల నుండి చేయి నడిమికి అందవలెను గదా! మడిలో కాలు పెట్టినచో గుల్లబారిన మట్టి మరల అణగిపోవును. మడుల నడుమ ఒకటిన్నర అడుగు బాట విడిచి, అందలి పైమట్టిని పారతో తీసి మడిపై వేయవలెను. మడి జానెడెత్తు లేచును, బాట కాలువయగును. ఆ కాలువ పల్లమువైపు తెరచియుండవలెను.

రేగడిని తడిలో త్రవ్వరాదు. పిడికెడు మట్టిని ముద్దచేసి వ్రేలితో నొక్కి చూడుడు. పొడిగా విరిగినచో పలుగు పట్టవచ్చును; అంటుకొని సాగినచో ఆగవలెను. తొందరపడినవాని పెరటిలో గడ్డలు ఎండి రాళ్లగును.

అసలు కీలకము ఎరువులోనున్నది. పచ్చి పేడ మడిలోనే పులిసి వేడి పుట్టించును. చెదలను, వేరుపురుగులను రప్పించును. పశువులు మేసిన గడ్డివిత్తులు అందు మొలకెత్తును. బాగుగా చివికిన ఎరువునకు పేడవాసన యుండదు. చేతిలో చల్లగా, పొడిపొడిగా రాలును. సర్ ఆల్బర్టు హోవర్డు 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసి, ఈ దేశపు రైతుల సేద్యమును శ్రద్ధగా గమనించెను. చెత్తను, పేడను, బూడిదను పొరలుగా పేర్చి, తడుపుచు, తిరుగవేయుచు సుమారు మూడు నెలలలో ఎరువు చేయు పద్ధతిని రూపొందించెను. అట్టి ఎరువు చదరపు మీటరునకు నాలుగైదు కిలోలు, గుప్పెడు వేపపిండి కలిపిన చాలును.

వెంటనే విత్తవలదు. ఒకమారు నీరు చల్లి వారము దినములు విడిచినచో కలుపు మొలచును. దానిని పెరికి పిమ్మట విత్తినచో తరువాతి శ్రమ ఎంతో తగ్గును.

ఎత్తు మడి అన్ని చోట్లకు తగదు. నీటిని త్వరగా విడుచుట దాని గుణము. ఎండకాలమున అదే దోషము. అనంతపురము వంటి వానలు తక్కువగు సీమలలోని ఎర్రనేలలకు పల్లపు మడియే మేలు. కోస్తాలో సైతము వేసవిలో మడిపై ఎండుగడ్డి కప్పవలెను. ఒక పంట తీయునప్పటికి మడి కొంత కుంగును. మరల ఎరువు వేసి ఎత్తు సరిచేసి బెండయో, ముల్లంగియో వేయవచ్చును. వంగ తరువాత టమాటా, మిరప మాత్రము వేయరాదు; ఇవి ఒకే కుటుంబమునకు చెందినవగుటచే ఒకదాని తెగులు మట్టిలో నిలిచి మరియొకదానికి సోకును.