ఎరుకల ఇంట కుర్రు మాట

ఎరుకలవారు తమలో తాము మాట్లాడుకునే భాషకు కుర్రు అని పేరు. దక్షిణ ద్రావిడ శాఖలో ఇది తమిళానికి దగ్గరి చుట్టం కావడంతో జనగణన దీనిని విడిగా కాక తమిళం కిందనే చూపుతుంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకల జనాభా 5.19 లక్షలు కాగా, ఆ భాషను మాతృభాషగా చెప్పుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 58 వేలు. చెప్పుకోకపోవడానికి కారణం ఉంది. ఉత్తరాదిన 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించాక, ఎరుకలవారిలో అనేకులు వేలిముద్రలకూ హాజరుకూ సెటిల్మెంట్లకూ లోబడవలసి వచ్చింది. 1952 నాటికి ఆ నేరస్థ ముద్ర చట్టం నుంచి పోయినా జనం నోటి నుంచి పోలేదు. పక్కవారికి అర్థంకాని మాటను దొంగమాటగా అనుమానించే చోట పిల్లలను దానికి దూరంగా పెంచడం తల్లిదండ్రులకు జాగ్రత్తగా తోచి ఉంటుంది; దానిని నిర్లక్ష్యం అనడం అన్యాయం.

ఇలా భాష జారిపోయే ఇళ్లలో అవ్వ తన భాషలో పిలుస్తుంది, కూతురు అర్థం చేసుకొని తెలుగులో బదులిస్తుంది, మనవరాలికి ఆ పిలుపులో తన పేరొక్కటే తెలుస్తుంది. న్యూజీలాండ్‌లో మావోరీలు 1982లో ప్రారంభించిన కొహంగ రెయో, అంటే భాషాగూళ్లు, తెగిపోయిన నడిమి తరాన్ని దాటించి పెద్దల మాటను నేరుగా పసివారి చెవిన వేశాయి. ఎరుకలవారికి అటువంటి గూడు వారు తట్టలల్లే వెదురు పని దగ్గరే ఉంది: వెదురును చీల్చి, బద్దలను నునుపుచేసి, తట్ట అడుగున అడ్డంగానూ నిలువుగానూ పరచి, పైకి వంచి అంచు కట్టేదాకా చేతితోపాటు మాట కూడా నడుస్తుంది కనుక, భాషను తిరిగి పట్టుకోదలచిన కుటుంబానికి నిఘంటువు కన్నా ముందు కావలసింది నాలుగు వెదురు బద్దలే.

ఉమ్మడి రాష్ట్రం 2004లో చేపట్టిన మాతృభాషా బోధనలో గోండి, కోయ, సవర, బంజారా వంటి ఎనిమిది భాషలు ఉన్నా కుర్రు లేదు. ఊళ్ల అంచున చెదిరి బతికేవారికి అటువంటి బడి అమరడమూ కష్టమే. అయితే కుర్రుకు బంధువులు తక్కువ కాదు. కర్ణాటకలో కొరమ, కొరచ అనీ, తమిళనాట కొరవ అనీ, మహారాష్ట్రలో కైకాడి అనీ పిలిచే సమూహాలు ఆ కోవలోనివే. ఈ చుట్టరికాలను వెతకడానికి అనువుగా, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు పొలిమేరలు కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది కూడా. చిత్తూరు అవ్వ మరచిన మాట వేలూరు వైపు ఏ కొరవ ఇంటిలోనో ఇంకా పలుకుతూ ఉండవచ్చు.