రాచపుండు: స్త్రీలు తెలిసికొనదగిన విషయములు

మన యిండ్లలో బిగ్గరగా నుచ్చరింపని మాటలు కొన్ని కలవు. రాచపుండు అట్టి వానిలో నొకటి. క్యాన్సరను పేరు నేడు చిన్నపిల్లలకు సైతము తెలిసినదే. ఐనను ఆ వ్యాధి యొక యింట ప్రవేశించెనేని ఇరుగుపొరుగువారు గొంతు తగ్గించి చెప్పుకొందురు. పెద్దలు పూర్వజన్మకర్మమని నిట్టూర్తురు. కర్మమును గూర్చి వాదించుట నా యుద్దేశము కాదు. ఒక్క ప్రశ్న మాత్రము వేయదలచితిని. ఇది కేవలము నుదుటివ్రాతయే యైనచో, ఒక్కొక్క ప్రాంతమున నొక్కొక్క యవయవమునే యేల పట్టుచున్నది? దేశము మారినవారికి ఆ వ్రాతయు నేల మారుచున్నది?

ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో అర్బుదమను పేర గడ్డలు వర్ణింపబడినవి. అవి చాలకాలము పెరుగుననియు, నొప్పి స్వల్పమనియు అందు చెప్పబడినది. గ్రీకు వైద్యులు ఈ రోగమునకు పీత పేరు పెట్టిరి; క్యాన్సరను లాటిను పదమునకును అర్థము పీతయే. మన శరీరమందలి కణములు అవసరమున్నంత వఱకే పెరిగి, కాలము తీరిన పిమ్మట నశించుట ప్రకృతిధర్మము. ఆ కట్టుబాటు తప్పిన కణములు మితిమీరి పెరిగి, పొరుగు భాగముల నాక్రమించి, దూరపు టవయవములకును ప్రాకుటయే క్యాన్సరు. సుశ్రుతసంహితలోని వర్ణనయందు మనము ముఖ్యముగా గ్రహింపదగినది నొప్పి స్వల్పమనుటయే. మనము నొప్పిని బట్టి రోగమును గుర్తింతుము. ఈ రోగమో, మొదట తఱచుగా నొప్పింపదు.

ఇక దేశభేదములను చూతము. 1775లో పెర్సివాల్ పాట్ అను లండను శస్త్రవైద్యుడు, పొగగొట్టములు శుభ్రము చేయువారికి మర్మస్థానపు చర్మముపై వచ్చు క్యాన్సరునకు మసియే కారణమని చెప్పెను. కాశ్మీరమున చలి కాగుటకై కాంగ్రీ యను నిప్పుల కుండను దుస్తులలోపల నుంచుకొను నాచారము కలదు. అచ్చట పొట్టమీదను, తొడలమీదను చర్మపు క్యాన్సరు కనబడును. ఇంత దూరము పోనేల? మన శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములందు కొందఱు స్త్రీలు చుట్టను నిప్పుకొన నోటిలోపలికి వచ్చునట్లు పెట్టుకొని కాల్తురు. దీనిని అడ్డచుట్ట యందురు. ఇతర ప్రాంతములందు అరుదైన అంగిటి క్యాన్సరు వీరిలో హెచ్చుగా నున్నట్లు వైద్యులు కనుగొనిరి.

జపానువారి కథ మఱింత విచిత్రము. వారి దేశమున జీర్ణకోశపు క్యాన్సరు హెచ్చు. హవాయికిని, అమెరికాకును వలసపోయిన జపాను కుటుంబములలో తరము మారినకొలది ఆ వ్యాధి తగ్గి, రొమ్ము క్యాన్సరును, పెద్దప్రేగు క్యాన్సరును పెరిగినవి. రక్తము మారలేదు, ఆహారము, అలవాట్లు, పరిసరములు మారినవి. వంశదోషము బొత్తిగా లేదని నా భావము కాదు. తల్లికిగాని, అక్కచెల్లెండ్రకుగాని రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చిన కుటుంబములవారు ముందుగానే వైద్యుని సంప్రదింపవలెను. కాని పుట్టుకతో సంక్రమించిన దోషమే కారణమైనవారు మొత్తము రోగులలో నూటికి అయిదుగురు మొదలు పదిమంది మాత్రమే.

మనదేశపు స్త్రీలకు అన్నిటికంటె హెచ్చుగా వచ్చునది రొమ్ము క్యాన్సరు. దాని తరువాతిది గర్భాశయముఖ క్యాన్సరు. 2022లో ప్రపంచమున సుమారు 6,60,000 మందికి ఈ రెండవ రోగము రాగా, సుమారు 3,50,000 మంది మరణించిరి. మనదేశమున ఆ యేట క్రొత్తగా రోగము బయటపడినవారు సుమారు 1,27,000 మంది. మృతులు సుమారు 80,000. ప్రపంచమునందలి యీ మృతులలో నూటికి తొంబదిమందికి పైగా సంపన్నములు కాని దేశములవారే. రోగము ఒక్కటియే, దానిని ముందుగా పట్టుకొను ఏర్పాటు ఒకచోట కలదు, ఒకచోట లేదు.

ఈ రోగకారణమును కనుగొన్న చరిత్ర తెలిసికొనదగినది. 1842లో రిగోనీ-స్టెర్న్ అను ఇటలీ వైద్యుడు వెరోనా నగరపు మరణముల లెక్కలు పరిశీలించి, గర్భాశయ క్యాన్సరు గృహిణులలో హెచ్చుగను, క్రైస్తవ సన్యాసినులలో అరుదుగను ఉన్నదని చూపెను. ఆ భేదమునకు హేతువు తెలియుటకు నూఱేండ్లకు పైగా పట్టెను. జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సుర్ హౌజెన్ తన సహచరులతో కూడ 1983, 1984 సంవత్సరములలో ఈ కణితులయందు పాపిలోమా వైరసులను గుర్తించి, 2008లో నోబెల్ బహుమానము పొందెను.

ఈ వైరసు దాంపత్యసంబంధమున నొకరినుండి యొకరికి సోకును. ఈ మాట వినినంతనే అపోహ పడరాదు. ఇది మిక్కిలి సామాన్యమైన వైరసు. స్త్రీపురుషులలో అధికసంఖ్యాకులకు జీవితమున నెప్పుడో యొకప్పుడు సోకునదే. పరపురుషుని యెఱుగని యిల్లాలికిని భర్తవలన రావచ్చును. చాలమందికి ఒకటి రెండేండ్లలో తనంత తానే తొలగిపోవును. కావున ఈ రోగమును స్త్రీ శీలముతో ముడిపెట్టుట అజ్ఞానము మాత్రమే కాదు, అన్యాయము. తొలగక నిలిచిన కొందఱిలో కణములు మెల్లమెల్లగా మారి క్యాన్సరగుటకు సాధారణముగా 15 మొదలు 20 ఏండ్లు పట్టును. ఇంత గడువు ఇచ్చు శత్రువు అరుదు. ఆ గడువులో పరీక్ష చేయించుకొన్నచో, రోగము రోగమగుటకు పూర్వమే చిన్న చికిత్సతో తొలగింపవచ్చును.

గర్భాశయముఖమునుండి కణములను తీసి సూక్ష్మదర్శినిలో చూచు పద్ధతిని అమెరికాలో స్థిరపడిన గ్రీకు వైద్యుడు పాపనికొలావు అభివృద్ధి చేసెను. 1943లో దానిపై గ్రంథము వెలువడెను. ఆయన భార్య ఆండ్రొమాకీ ప్రయోగశాలలో ఆయనకు తోడ్పడుటయే గాక, ఏండ్ల తరబడి తానే యా పరీక్షకు లోనయ్యెను. ఫిన్లాండు దేశము 1960ల దశకములో ఈ పరీక్షను దేశమంతట నేర్పాటు చేయగా, కాలక్రమమున ఈ క్యాన్సరు మరణములు నూటికి ఎనుబదివంతుల వఱకు తగ్గినవి.

అది ధనికదేశము గదా యందురేమో. మనదేశపు నిదర్శనములును కలవు. నేడు ధారాశివమని పిలువబడు ఉస్మానాబాదు జిల్లాలో లక్షా ముప్పదివేలకు పైబడిన గ్రామీణస్త్రీలతో జరిగిన పరిశోధన ఫలితములు 2009లో ప్రకటింపబడినవి. ఒక్కసారి వైరసు పరీక్ష జరిపిన గ్రామములలో ఈ క్యాన్సరు మరణములు సుమారు సగమునకు తగ్గినవి. బొంబాయి మురికివాడలలో టాటా స్మారక వైద్యశాలవారు 1998లో నారంభించిన మఱియొక పరిశోధన ఇంకను సులువైనది. వెనిగరులోని ఆమ్లమును పలుచగా కలిపి గర్భాశయముఖమునకు పూసినచో, మార్పు చెందినచోటు తెల్లబారును. ఆ పరీక్ష చేసినవారు వైద్యులు కారు. తర్ఫీదు పొందిన సామాన్య కార్యకర్తలు. ఆ పరీక్షలవలన మరణములు నూటికి 31 వంతులు తగ్గినవి.

ఇంత సులభమైనను, 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఒక్కసారియైనను ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు. కారణము ధనలోపమే యని నేననుకొనను. మా వీధిలోని యొక పెద్దమ్మకు ముట్లుడిగిన ఎనిమిదేండ్లకు మైల కనిపించెను. కోడండ్రకు చెప్ప సిగ్గుపడి యామె సంవత్సరము దాచెను. వైద్యులు చూచునప్పటికి వ్యాధి మూత్రాశయము వఱకు ప్రాకియుండెను. ఆ సిగ్గే యామె ప్రాణము తీసినది.

పరీక్షలన్నియు మేలుచేయునని భ్రమింపరాదు. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతులకు సైతము కంఠగ్రంథి పరీక్షలు విరివిగా జరుగగా, 1993కును 2011కును నడుమ ఆ క్యాన్సరు లెక్క పదునైదురెట్లయ్యెను; మరణములు మాత్రము తగ్గలేదు. హానిచేయని చిన్న గడ్డలకై ఎందఱో కత్తికోతకు లోనైరి. కావున దేనివలన ప్రాణము దక్కునో నిదర్శనమున్నదో, ఆ పరీక్షనే కోరవలెను.

మనదేశ ప్రభుత్వము 2016లో చేసిన నిర్ణయము ప్రకారము 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలు అయిదేండ్లకొకసారి గర్భాశయముఖము, రొమ్ము, నోరు పరీక్ష చేయించుకొనవలెను. ప్రాథమికారోగ్యకేంద్రమున నర్సమ్మను అడుగుడు. బాలికలకు 9 మొదలు 14 ఏండ్లలోపల వైరసు టీకా వేయించుట మంచిది. టీకా పొందినవారును పెద్దయైన పిమ్మట పరీక్ష మానరాదు. పొగాకును నమలుట, కాల్చుట రెండును విడువవలెను. ముట్లు కాని దినములలో రక్తము, సంసారానంతర రక్తస్రావము, దుర్వాసనగల తెల్లబట్ట, రొమ్మున గడ్డ, మానని నోటిపుండు, వీనిలో నేది కనబడినను పండుగ వెళ్లనిమ్మని, పరీక్షలు ముగియనిమ్మని జాగు చేయరాదు.

పిల్లవాని దగ్గునకు మిరియాల కషాయమును, మామగారి మధుమేహమునకు మాత్రను వేళతప్పక అందించు చేతులు మనవి. ఆ శ్రద్ధలో అయిదేండ్లకొక్క పూట మనకును దక్కవలదా? అత్త కోడలిని, కోడలు అత్తను వెంటబెట్టుకొని పోవుడు. ఒంటరిగా పోవ సిగ్గైనచో, నలుగురము కలిసి పోయినయెడల సిగ్గు తానే తొలగును.